వైద్యం కోసమైతే వెళ్ళొద్దు

గత నెలలో మా అక్క కొడుకు ఒక కరపత్రాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపించాడు. పొరుగు రాష్ట్రంలోని ఒక పరిశోధన సంస్థ తమ అధ్యయనంలో పాల్గొనేవాళ్ళు కావాలని వేసిన కరపత్రమది. మీ రూపంలో ఏదో లోపం ఉందన్న ఆలోచన రోజుకు గంటకు పైగా మిమ్మల్ని వేధిస్తోందా అన్న ప్రశ్న పైన ఉంది; దాని కింద వయోపరిమితి, ఫోను నంబరు, దారి ఖర్చులు ఇస్తామన్న హామీ ఉన్నాయి. ఆ ఫోటో కింద వాడు రాసింది రెండే ముక్కలు: "మామా, పోవచ్చునా?"

వాడికి పందొమ్మిదేళ్ళు. తిరుపతి శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. కరోనా రోజుల్లో పెట్టుకున్న మాస్కు కరోనా పోయినా వాడి ముఖం మీది నుంచి పోలేదు. పెళ్ళికి వెళ్తే పంక్తిలో కూర్చోడు. అందరూ తిని లేచాక వంటలవైపు వెళ్ళి గోడకు తిరిగి నిలబడి తింటాడు. వాడికి దుమ్ము పడదని మా అక్క అందరికీ చెప్పుకొస్తోంది. దుమ్ముకైతే ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు మాస్కు ఎందుకని ఎవరూ అడగలేదు, నేను కూడా.

మూడు రోజులపాటు వాడికి జవాబు రాయలేకపోయాను. ఏడేళ్ళ కిందట ఇలాంటి అధ్యయనంలోనే నేనూ పాల్గొన్నాను, ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా గుండుకూ తన మాస్కుకూ ఏదో చుట్టరికం ఉందని వాడు ఎప్పుడు పసిగట్టాడో గాని, ఇంటినిండా ఇంతమంది ఉండగా నన్నే అడిగాడు. చివరికి నేను పంపిన జవాబు నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల్లో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను. దీన్ని నలుగురి ముందూ పెట్టేముందు వాడికి చదివి వినిపించాను. వాణ్ణి గుర్తుపట్టించే వివరాలను వాడే కొట్టేశాడు.

మొక్కు లేని గుండు

పదిహేడో ఏట నాకు కుడి కణత పైన జుట్టు పలచబడుతోందన్న అనుమానం పట్టుకుంది. బైకు అద్దం, బస్సు కిటికీ, ఏటీఎం గది తలుపు, నీళ్ళు తాగే స్టీలు గ్లాసు, ఏది మెరిస్తే దానిలో ఆ కణతను వెతుక్కునేవాణ్ణి. రోజుకు పదిసార్లు అమ్మ ముందు తల వంచి "పలచబడిందా?" అని అడిగేవాణ్ణి. "ఏం లేదు నాయనా, బాగుండావు" అనేది. ఆ మాట ఇచ్చిన నెమ్మది అరగంట కూడా నిలిచేది కాదు; అమ్మ సరిగ్గా చూసిందా, వెలుతురులో చూసిందా, నన్ను నొప్పించకూడదని అన్నదా అని మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి.

తిరుపతిలో పుట్టినవాడికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఇంకో ఊళ్ళో పందొమ్మిదేళ్ళ కుర్రాడు మూడు నెలలకొకసారి గుండు చేయించుకుంటే నలుగురూ కారణం అడుగుతారు. మా ఊళ్ళో అడిగేవాళ్ళు ఉండరు. అలిపిరి మెట్లెక్కి, కల్యాణకట్టలో టోకెను తీసుకుని తల వంచి కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. కిందికి దిగి వచ్చాక తల మీది గంధం చూసి వీధిలో పెద్దవాళ్ళు దారి ఇచ్చేవారు. నాలుగేళ్ళలో పదహారు సార్లు గుండు చేయించుకున్నాను, ఒక్కసారికీ మొక్కు లేదు. మా నాయనమ్మ మాత్రం తన మనవడంత భక్తుడు మా వంశంలో పుట్టలేదని చుట్టాలందరికీ చెప్పింది. గుండు ఉన్నన్నాళ్ళు పలచబడడమన్న ప్రశ్నే ఉండదు గనుక ఆ రోజులు నాకు సెలవుల్లా గడిచేవి. మొలకలు కనబడిన రోజు నుంచి పరీక్షలు మళ్ళీ మొదలయ్యేవి.

కల్యాణకట్ట గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడల్లా నీలాదేవి కథ గుర్తుకు వచ్చేది. గొల్లవాడి దెబ్బకు స్వామి తల మీద కొంత మేర జుట్టు ఊడిపోతే, అంత అందమైన ముఖానికి ఆ కొరత ఉండకూడదని నీలాదేవి తన కురులు కోసి అక్కడ అతికించిందంటారు. మన కొండ మీది తలనీలాల కథకు మొదలే ఒక దేవుడి తల మీది జుట్టు లేని చోటు. ఆ చోటు స్వామికి కనబడిందో లేదో కథ చెప్పదు. చూసినామె నీలాదేవి. నా విషయంలో చూసేవాణ్ణీ, చూడబడేవాణ్ణీ నేనొక్కణ్ణే.

దీనికి బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అన్న పేరుందని నాకు ఇరవై నాలుగో ఏట తెలిసింది. పొట్టిగా బి.డి.డి. అంటారు. ఇది సెల్ఫీలతో పుట్టిన జబ్బని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు గాని, ఇటలీకి చెందిన ఎన్రికో మోర్సెల్లి అనే మానసిక వైద్యుడు 1891లోనే దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ గ్రంథం 2013 ముద్రణలో దీన్ని ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలూ ఆపుకోలేని చేతలూ ఉండే జబ్బు, కుటుంబంలోకి చేర్చింది. అద్దం చూసుకోవడం, చేత్తో తడిమి చూసుకోవడం, ఇతరులతో పోల్చుకోవడం, పదేపదే నచ్చజెప్పించుకోవడం ఇందులో ఆలోచన ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. అదే గ్రంథం లెక్క ప్రకారం అమెరికాలో పెద్దవాళ్ళలో ఇది 2.4 శాతం మందికి ఉంటుంది. చర్మవ్యాధుల డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్ళలో 9 నుంచి 15 శాతం, కాస్మెటిక్ సర్జరీకి వచ్చేవాళ్ళలో 7, 8 శాతం. అంటే ఈ జబ్బు ఉన్నవాళ్ళు మానసిక వైద్యుడి గుమ్మం తొక్కడానికి ముందు చర్మం, జుట్టు, ముక్కు బాగుచేసేవాళ్ళ గుమ్మాలన్నీ తొక్కి వస్తారు. నేను కూడా ఒక హెయిర్ క్లినిక్కులో నా మొదటి ఆరు నెలల జీతంలో పెద్ద భాగం పోశాను. జుట్టు ఊడడం లేదని వాళ్ళకు మొదటిరోజే తెలిసి ఉంటుందని ఇప్పుడు నా నమ్మకం. నూనె సీసాలు మాత్రం నెలనెలా వచ్చేవి.

డిప్‌లో రాని పేరు

అధ్యయనానికి నేను బాగుపడాలనే వెళ్ళాను. అక్కడే తప్పు చేశాను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ తప్పు గురించే.

చిత్తూరు మీదుగా వెళ్ళే బస్సులో తెల్లవారుజామున బయలుదేరి వెళ్ళాను. రెండు గంటలు ప్రశ్నలు అడిగారు. మాటల చికిత్స ఈ జబ్బుకు ఎంతవరకు పనిచేస్తుందో తేల్చడానికి అభ్యర్థులను రెండు గుంపులుగా విడదీస్తామని, ఒక గుంపుకు వెంటనే వారం వారం చికిత్స మొదలవుతుందని, రెండో గుంపు పన్నెండు వారాలు ఆగి ఆ తర్వాత అదే చికిత్స తీసుకుంటుందని పత్రంలో రాసి ఉంది. ఎవరు ఏ గుంపులోకి వెళ్తారో "యాదృచ్ఛికీకరణ ద్వారా" నిర్ణయిస్తామని కూడా ఉంది. ఆ మాట చదివాను, అర్థమైందా అంటే అయిందని తల ఊపాను, సంతకం పెట్టాను. వారం తర్వాత ఫోను వచ్చింది: మీరు ఆగే గుంపులో ఉన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళు రెండు గంటలసేపు నా ముఖం చూశారు గదా. ఈ ముఖానికి చికిత్స దండగని తేల్చుకున్నారు, లేకపోతే నిజంగానే జుట్టు లేనివాడికి మనసుకు వైద్యమెందుకని నవ్వుకున్నారు. నాకు ఇదే అర్థమైంది. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వారనిపించడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని ఆ రోజు నాకు తెలియదు. పత్రం రాసినవాళ్ళకు తెలుసు. తెలిసినవాళ్ళు ఆ ఒక్క పదాన్ని అలా వదిలేసి ఉండకూడదు.

తిరుపతివాడికి అది చెప్పడానికి అంత పెద్ద మాట అవసరం లేదు. శ్రీవారి ఆర్జిత సేవా టికెట్లకు ఆన్‌లైన్‌లో డిప్ తీస్తారు. పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో కంప్యూటరు కొందరిని ఎంపిక చేస్తుంది, దానికి ఎవరి గోత్రమూ ముఖమూ తెలియవు. "ఇది కూడా డిప్ లాంటిదే" అంటే నాకు అర్థమయ్యేది. అయితే ఇక్కడ నాకు నేనే ఒక ప్రశ్న వేసుకోవాలి. డిప్‌లో పేరు రాకపోతే మనవాళ్ళేమంటారు? "స్వామి పిలవలేదు" అంటారు. యంత్రం తీసిన చీటీలో కూడా తీర్పు వెతుక్కునేవాళ్ళం మనం. కాబట్టి పదం మార్చినంత మాత్రాన సరిపోదు; ఇందులో మిమ్మల్ని చూసి ఎవరూ ఏమీ నిర్ణయించరని, మీ పేరు ఏ గుంపులో వస్తుందో మాకు కూడా ముందు తెలియదని, మీ ముఖం మీద మాకే అభిప్రాయమూ ఉండదని ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పాలి.

పరిశోధనను తన కోసం చేస్తున్న వైద్యమని పొరబడడానికి వైద్య నీతిశాస్త్రంలో ఒక పేరుంది. పాల్ ఆపెల్‌బామ్, ఆయన సహచరులు 1982లో దాన్ని చికిత్సా భ్రమ అని అర్థం వచ్చే మాటతో పిలిచారు. మానసిక రోగులతో మాట్లాడినప్పుడు, గుంపులను చీటీలతో నిర్ణయిస్తారని పత్రంలో ఉన్నా, తమకు ఏది మంచిదో చూసే డాక్టర్లు తమను ఆ గుంపులో వేశారని చాలామంది నమ్ముతున్నట్టు వాళ్ళకు కనబడింది. డాక్టరు వైద్యం చేసేటప్పుడు ఎదురుగా ఉన్న ఒక్క మనిషి కోసం ఆలోచిస్తాడు; పరిశోధన చేసేటప్పుడు ఒక ప్రశ్నకు జవాబు కోసం ఆలోచిస్తాడు. రెండూ గౌరవమైన పనులే. కాని తెల్లకోటు ఒకటే, గది ఒకటే, పలకరింపు ఒకటే అయినప్పుడు తేడా కనిపెట్టమని రోగిని అడగడం న్యాయం కాదు.

మా అక్క కొడుక్కు నేను రాసిన మొదటి వాక్యం ఇది: వైద్యం కోసమైతే వెళ్ళొద్దు, దానికి వేరే గుమ్మం ఉంది. రెండో వాక్యం: వైద్యం మొదలుపెట్టాక, ఇది నా కోసం కాదని తెలిసి కూడా వెళ్ళాలనిపిస్తే తప్పకుండా వెళ్ళు.

ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళు

రెండో వాక్యం ఎందుకు రాశానో చెప్పాలి. మొదటిది చదివినవాడు ఇక అటు వెళ్ళడమెందుకు అనుకోవడం సహజం.

2002లో ఫ్లూక్సెటిన్ అనే మందు మీద, అది కుంగుబాటుకు కూడా వాడేదే, ఒక అధ్యయనం అచ్చయింది. ఈ జబ్బు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన క్యాథరిన్ ఫిలిప్స్ బృందం 67 మందిని చీటీలతో రెండుగా విడదీసి, పన్నెండు వారాలపాటు ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు అచ్చంగా అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. మందు వాడినవాళ్ళలో సగానికి కొంచెం పైగా కుదుటపడితే, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో అలా కుదుటపడ్డది ఐదోవంతుకన్నా తక్కువ. ఇప్పుడు ఏ ఊళ్ళో డాక్టరైనా నా వంటివాడికి ఈ తరహా మందు ధైర్యంగా రాస్తున్నాడంటే అందులో ఆ అధ్యయనం పాలు ఉంది. ఆ 67 మందిలో దాదాపు సగం మంది మూడు నెలలపాటు రోజూ ఏమీ లేని మాత్ర మింగి, అద్దం ముందు అదే నరకం పడి, మళ్ళీ మళ్ళీ వచ్చి లెక్క చెప్పి వెళ్ళారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఋణమన్న మాట వాడడానికి నాకు మొహమాటం లేదు.

అయితే ఆ రుజువంతా దాదాపు పశ్చిమ దేశాలది. మనకు రంగు గొడవ ఉంది. పెళ్ళిచూపుల్లో "చామనచాయ" అని గొంతు తగ్గించి చెప్పే సమాజంలో, తన రంగు గురించి రోజంతా కుమిలిపోయే అమ్మాయికి జబ్బు ఉన్నట్టా, లేక లోకం తీరు ఆమెకు బాగా అర్థమైనట్టా? అవమానం ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది? ఈ గీత గీయడానికి బోస్టన్‌లోనో లండన్‌లోనో సేకరించిన జవాబులు చాలవు. ఇక్కడివాళ్ళు కూర్చుని చెప్పాలి. సిగ్గుతో మనం దాక్కున్నంతకాలం మన డాక్టర్ల చేతిలో ఉండేది పరాయివాళ్ళ కొలతే.

వంక

కొలత అంటే గుర్తొచ్చింది. ఈ జబ్బు తీవ్రతను కొలవడానికి పన్నెండు ప్రశ్నల కొలబద్ద ఒకటుంది. మొత్తం 48 మార్కులు, ఎక్కువ వస్తే ఎక్కువ బాధ. దానికి ముందు జల్లెడ పట్టడానికి చిన్న ప్రశ్నావళి ఇచ్చారు. నాకిచ్చిన తెలుగు ప్రతిలో "మీ శరీరంలో ఏదైనా వైకల్యం ఉందని భావిస్తున్నారా?" అని ఉంది. నేను నిజాయితీగా "లేదు" అని టిక్కు పెట్టాను. వైకల్యమంటే మా వీధి చివర మూడు చక్రాల బండిలో తిరిగే అన్నకు ఉన్నది. నాకున్నది వైకల్యమని చెప్పుకోవడం ఆయనకు అవమానం. ఆ ఒక్క టిక్కుతో నన్ను బస్సెక్కించి తిప్పి పంపేసేవాళ్ళే.

అదృష్టవశాత్తూ, ప్రశ్నలు అడుగుతున్నావిడ మదనపల్లె వైపు నుంచి వచ్చిన మనిషి. ఆమె కాగితం పక్కన పెట్టి, "అద్దంలో చూసుకున్నప్పుడు మీకు మీ మొహంలో ఏం వంక కనపడతాది?" అని అడిగింది. నేను నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. మా నాయనమ్మ ఎవరికైనా వంకలు పెడుతుంటే "వంకలేనమ్మ డొంక పట్టుకుని వేళ్ళాడిందట" అనేది. నాకేమో ఉన్నదల్లా వంకే, పట్టుకోవడానికి డొంక కూడా లేదు. వైకల్యం, లోపం, అవకరం, వంక, ఇవన్నీ నిఘంటువులో పక్కపక్కన కూర్చునే మాటలు కావచ్చు గాని, మనిషి నోట వచ్చేసరికి ఒక్కోటి ఒక్కో తలుపు తీస్తుంది. తెలుగులోకి తెచ్చిన ప్రశ్నావళిని పదిమంది తెలుగువాళ్ళ చేత చదివించి, మీకేం అర్థమైందని అడిగితే ఈ ప్రమాదం తప్పుతుంది. ఆ పని చేయాల్సినవాళ్ళు పరిశోధకులే, కాని ఆ తప్పు బయటపడేది మాత్రం పాల్గొన్నవాడి నోటితోనే. నేను వెళ్ళిన తర్వాత ఆ మాట మార్చారని ఆవిడే తర్వాత చెప్పింది. నా వల్ల లోకానికి జరిగిన మేలు బహుశా ఆ ఒక్క పదమే, అది నాకు తక్కువగా అనిపించదు.

ఎవరి సంతకం

కొడుకు అధ్యయనానికి వెళ్ళాలనుకుంటున్నాడని మా బావకు తెలిసిన రోజు ఇంట్లో పెద్ద రభస అయింది. "ఏంది, వీడేమన్నా ఎలకనా వాళ్ళు పరీక్షలు చేసుకునేదానికి?" అన్నాడు. నవ్వి వదిలేయాల్సిన మాట కాదిది. మన రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనం తెలుగువాళ్ళెవరూ మరచిపోలేదు. చాలామంది గిరిజన పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సంతకాలను గట్టిగా తప్పుపట్టింది. మా బావ భయానికి ఆధారం ఉంది.

కాని ఆయన చెప్పిన మందు మాత్రం జబ్బుకు తగ్గది కాదు. తండ్రిని నేను, నేను చదివి సంతకం పెట్టందే వాడు పోవడానికి వీల్లేదన్నాడు. వార్డెను సంతకం పెట్టడం ఎందుకు తప్పో, పందొమ్మిదేళ్ళు దాటినవాడి బదులు తండ్రి సంతకం పెట్టడం కూడా అందుకే తప్పు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండినవాడి అంగీకారం వాడిదే. ఎప్పుడు మానుకోవాలనిపిస్తే అప్పుడు, కారణం చెప్పకుండా మానుకునే హక్కు కూడా వాడిదే, మానుకున్నందుకు మామూలుగా అందే వైద్యం తగ్గకూడదు. పత్రం మీద, పరిశోధన సక్రమంగా ఉందో లేదో చూసే నీతి సంఘం ఫోను నంబరు ఉండి తీరాలి. అధ్యయనం మందునో చికిత్సనో పరీక్షించే ట్రయలైతే సి.టి.ఆర్.ఐ. అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ నియమం 2009 జూన్ 15 నుంచి అమలులో ఉంది, ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతికి చూసుకోవచ్చు. మా బావకు ఆ వెబ్‌సైటు తెరిచి చూపించాను. ఎలక మాట గురించి కూడా చెప్పాను: మనుషుల మీద పరిశోధనకు నీతి సూత్రాలు చెప్పే ప్రపంచ వైద్య సంఘం హెల్సింకి ప్రకటనలో దశాబ్దాలుగా మనుషులను "సబ్జెక్టులు" అనే పిలిచారు, 2024 సవరణలో గాని ఆ మాట తీసి "పాల్గొనేవాళ్ళు" అని మార్చలేదు. "అంటే అంతకుముందు ఎలకలనే కదా" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

నాకు తెగని చిక్కు ఇంకొకటుంది. ఈ జబ్బు మూడింట రెండు వంతుల మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే మొదలవుతుంది. ఆ వయసు పిల్లలు అధ్యయనంలో చేరాలంటే పిల్లవాడి సమ్మతితో పాటు తల్లిదండ్రుల అనుమతి కావాలి, అది ఉండాల్సిన నియమమే. కాని పదహారేళ్ళప్పుడు, అమ్మ ముందు ఎన్నిసార్లు తల వంచినా, లోపలి బాధను నేను ప్రపంచంలో అందరికంటే ముందుగా దాచింది మా అమ్మానాన్నల దగ్గరే. దుమ్ము పడదని చెప్పే మా అక్క దగ్గర ఈ మాట ఎత్తడం మా అబ్బోడికి మాస్కు తీసినంత పని. కాబట్టి ఆ వయసు మీద జరిగే పరిశోధనల్లోకి వచ్చేది ఇంట్లో చెప్పుకోగలిగిన పిల్లలే, చెప్పుకోలేనివాళ్ళ గురించి మనకు తెలిసేది తక్కువ. అనుమతి నియమాన్ని సడలించమని నేను అనను. ఖమ్మం తర్వాత ఎవరూ అనకూడదు. చిక్కు మాత్రం చిక్కుగానే ఉంది.

రాసుకున్న మనిషి

ఇంతా చెప్పి, నా మాటకు నేనే అడ్డం తగిలే సంగతి ఒకటి చెప్పకపోతే అది దాచినట్టవుతుంది. ఆ అధ్యయనం వల్ల నేను బాగుపడ్డాను. పన్నెండు వారాలు ఆగాక నాకూ చికిత్స ఇచ్చారు. అద్దం ముందు నిలబడి తల నుంచి కాళ్ళ దాకా, మంచి చెడు చెప్పకుండా ఉన్నది ఉన్నట్టు వర్ణించమన్నారు: నుదురు నాలుగు వేళ్ళ వెడల్పు, కనుబొమలు నలుపు, కుడి కణత మీద చిన్న మచ్చ. టోపీ లేకుండా మధ్యాహ్నం పూట గాంధీ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడవమన్నారు. అమ్మను అడగడం మానమన్నారు, అన్నిటికంటే కష్టం అదే అయింది. మొదటి రోజు 48కి 31 వచ్చిన నా మార్కులు చివరికి 19కి దిగాయి. ముప్పై శాతం తగ్గితే "స్పందించినట్టు" లెక్క కాబట్టి ఆ పరిశోధన పట్టికలో నేను గెలిచినవాళ్ళ వరసలో ఉంటాను. ఆ పందొమ్మిదితోనే బస్సెక్కి, చిత్తూరు దాటేవరకు కిటికీ అద్దంలో కణత చూసుకుంటూ తిరుపతికి వచ్చాను.

బాగుపడినవాడివి, ఇంకొకణ్ణి బాగుపడాలని వెళ్ళొద్దనడం ఏం న్యాయమని మా అబ్బోడే అడిగాడు. న్యాయమే అనుకుంటున్నాను, కొంచెం తడబడుతూ. నాకు వచ్చిన మేలు ఆ అధ్యయనం అలా కట్టబడినందువల్ల వచ్చింది. ఇంకో అధ్యయనంలో మెదడు స్కాను తీసి పంపేస్తారు, ఫోటోలు చూపించి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో కొలిచి పంపేస్తారు. వాటివల్ల నేర్చుకునేది ఎంతో ఉంది, వెళ్ళినవాడికి దక్కేది దారి ఖర్చులే. మందు కోసం పోయినవాడికి ఇది మోసంలా తోస్తుంది, తెలిసి పోయినవాడికి తోచదు. పైగా ఈ జబ్బు ఉన్నవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు చాలా ఎక్కువ. ఆ ఆలోచనలు ముదిరినవాళ్ళను చాలా ట్రయల్స్ తీసుకోవు. అసలే ఎవరికీ అక్కర్లేదనుకునేవాడికి అక్కడ కూడా మీరు పనికిరారని వినబడితే ఏమవుతుందో ఆలోచించాలి. అలాంటి రాత్రుల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ నంబరు 14416 ఉంది, డాక్టరు ఉన్నాడు. పరిశోధన ఆ రాత్రి చేయాల్సిన పని కాదు.

చికిత్స మొదలవడానికి ముందే, ప్రశ్నలు అడిగిన ఆ మొదటి రోజే నాలో ఏదో కొంచెం కదిలింది, దాన్ని మార్కులు పట్టుకోలేదు. మదనపల్లె ఆవిడ నేను చెప్పిన నలభై నిమిషాల మాటలు రాసుకుంది. చివర్లో అలవాటు కొద్దీ తల వంచి, "పలచగా ఉందా లేదా మీరే చెప్పండి" అన్నాను. ఆమె నా తల వైపు చూడలేదు. "మీకు ఎంతసేపటికొకసారి ఇట్ల అడగాలనిపిస్తాది?" అని అడిగి, చెప్పింది కూడా రాసుకుంది. ఏడేళ్ళలో నా ప్రశ్నకు జవాబు చెప్పని మొదటి మనిషి ఆమె. అమ్మ లేదన్నది, స్నేహితులు పిచ్చా అన్నారు, హెయిర్ క్లినిక్కువాళ్ళు ఉందన్నారు. ఈమె ఉందనీ లేదనీ అనలేదు. మొదట కోపం వచ్చింది. బస్సులో కూర్చున్నాక, ఆ ప్రశ్నకు జవాబు దొరకకపోయినా గంట గడిచిందని గమనించాను. ఆమె అలా ఉండడం నా మంచి కోసం కాదని నాకు తెలుసు. జవాబు చెబితే లెక్క చెడుతుంది కాబట్టి చెప్పలేదు, అంతే. ఇది నా చికిత్సా భ్రమ అని ఎవరైనా అంటే కాదనను.

నిన్న రాత్రి మా అబ్బోడు మళ్ళీ మెసేజి పెట్టాడు. ముందు ఇక్కడే మానసిక వైద్యుణ్ణి కలిశాడట, మాత్రలు మొదలయ్యాయట. కరపత్రంలోని నంబరుకు ఫోను చేసి, డిప్ తీస్తారా అని అడిగాడట. అవతలివాళ్ళకు ఆ మాట అర్థం కాలేదట. వచ్చే బుధవారం రమ్మన్నారు.

"మాస్కు పెట్టుకుని పోవచ్చునా మామా?" అని అడిగాడు.

నీ ముఖానికేమైందిరా, బంగారంలా ఉన్నావు, మాస్కెందుకని టైపు చేసి, కొట్టేశాను. పెట్టుకుని పో అని రాశాను. తీయమని అడిగితే, తీయడం నీకు ఇష్టం లేకపోతే, ఇష్టం లేదని చెప్పు, అదీ రాసుకుంటారు. ఐదున్నరకు చిత్తూరు మీదుగా పోయే బస్సుంది, కుడివైపు కూర్చో, ఆ వైపు ఎండ రాదు.